సిమెంటు రేకులు పగలగొడుతున్నారా?.. పులివెందుల గనులు ఎందుకు ఆగాయో ముందు తెలుసుకోండి!

కర్నూలు, కడప జిల్లాల్లో ఎండాకాలం వచ్చిందంటే ఈ వార్త మామూలే. ఈదురు గాలులు వీచాయి, ఇళ్ల మీది రేకులు లేచిపోయాయి. వీడియోలు వైరల్ అవుతాయి. కానీ ఆ మర్నాడు ఏం జరుగుతుందో ఎవరూ వీడియో తీయరు. పగిలిన ముక్కల్ని తట్టలకెత్తి వీధి చివరి గుంతలో పోస్తారు. కాస్త బాగున్న రేకుని కట్టర్‌తో కోసి గొర్రెల దొడ్డికి కప్పుతారు. చిన్న ముక్క దొరికితే పిల్లలు దాంతోనే తొక్కుడు బిళ్ల ఆడతారు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంటిపైన పగలకుండా, కదలకుండా ఉన్న రేకుతో ముప్పు తక్కువ. దాన్ని కోసినప్పుడు, డ్రిల్లు వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, ఆ పొడిని చీపురుతో ఊడ్చినప్పుడు ముప్పు మొదలవుతుంది.

మనం సిమెంటు రేకులని పిలిచేవాటిలో సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్ అనే నార ఉంటుంది. తెలుగులో రాతినార. సాధారణంగా రేకు బరువులో పదో వంతు, అంతకన్నా తక్కువే. సిమెంటుని పట్టి ఉంచేది ఆ నారే. జింకు రేకులు, రంగు వేసిన ఇనుప రేకుల్లో ఇది ఉండదు. బూడిద రంగులో, అలలు అలలుగా, మందంగా ఉండే పాత రేకులైతే మాత్రం ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని జాగ్రత్తపడాలి.

ఈ రాతినారకీ కడప జిల్లాకీ పాత చుట్టరికం ఉంది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి గనుల పేరు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకి బాగా తెలుసు. అక్కడ దొరికేది క్రిసోటైల్ రకం, అంటే తెల్ల ఆస్బెస్టాస్. మన రేకుల్లో వాడేదీ ఇదే రకం. ఆరోగ్యానికి ముప్పని కేంద్రం 1986లో ఆస్బెస్టాస్ తవ్వకానికి కొత్త లీజులు ఆపేసింది. 1993లో పాత లీజుల రెన్యువల్ కూడా ఆగింది. మరి రేకులు ఆగాయా? లేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి నార దిగుమతి చేసుకుని ఇక్కడ రేకులు తయారు చేస్తున్నారు. ఇందులో బ్రెజిల్ కథ మరీ విచిత్రం. అక్కడి సుప్రీంకోర్టు 2017లో ఆస్బెస్టాస్‌ని నిషేధించింది. ఆ తర్వాత కూడా వాళ్ల గని నుంచి ఎగుమతి మాత్రం సాగింది. తమకి వద్దనుకున్నది మనకి పంపారన్నమాట! మనమూ తక్కువేం కాదు. మన గనిలో తవ్వితే ప్రమాదమన్నాం, ఓడలో వస్తే ఫర్వాలేదన్నాం.

రాయలసీమలో ఒకప్పుడు పేదవాడి ఇంటికి కూడా మిద్దె ఉండేది. దంతెలు పరిచి, పైన చౌడు మట్టి కప్పేవాళ్లు. బేతంచర్ల బండలు, కడప బండలు దగ్గర్లోనే దొరికేవి. ఏటా మట్టి వేయలేక, కలప కొనలేక జనం రేకులకి మారారు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. తక్కువ ఖర్చులో రెండ్రోజుల్లో నీడ దొరుకుతుంది. ఇప్పుడు ఆ రేకుల ఇళ్లు పాతబడ్డాయి. వాటిని తీసి స్లాబు వేసుకుంటున్నారు. అంటే పగిలే రేకులు ఇకముందు ఎక్కువే ఉంటాయి.

లోపలికి వెళ్తే ఏమవుతుంది?

ఈ నార పోగులు వెంట్రుక కంటే వందల రెట్లు సన్నం. కంటికి కనిపించవు, ముక్కుకి వాసన రాదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లినవాటిలో కొన్నింటిని శరీరం బయటికి నెట్టలేదు. ఏళ్ల తరబడి ఎక్కువగా పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. దాన్నే ఆస్బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ కూడా వస్తాయి. తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలూ క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకెన్నో రెట్లు పెరుగుతుంది.

ఒక్కసారి ఒక రేకు పగిలితే జబ్బు వచ్చేస్తుందని కంగారుపడక్కర్లేదు. ఎంత పీల్చారు, ఎన్నేళ్లు పీల్చారు అన్నదాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. అందుకే ఇంటి యజమాని కంటే రోజూ రేకులు కోసే మేస్త్రీకి, పాత ఇళ్లు పడగొట్టే కూలీకి, ఏసీ పైపులు కోసే ప్లంబర్‌కి ఎక్కువ ప్రమాదం. (ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, ఆస్బెస్టాస్ సిమెంట్.) జబ్బు బయటపడటానికి 20, 30, ఒక్కోసారి 40 ఏళ్లు పడుతుంది. సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డుల్ని 40 ఏళ్లు భద్రపరచాలని చెప్పింది ఇందుకే. ఫ్యాక్టరీలో పనిచేస్తే రికార్డు ఉంటుంది. అడ్డా మీద నిలబడే కూలీకి ఏ రికార్డూ ఉండదు.

తీయక తప్పకపోతే..

ముందు ఒక మాట. రేకు మీద నేరుగా కాలు పెట్టకండి. క్యాన్సర్‌కి పదుల ఏళ్లు పట్టొచ్చు గానీ, రేకు విరిగి కింద పడితే ప్రాణం అప్పుడే పోతుంది.

రేకుల్ని సబ్బు నీళ్లతో బాగా తడపండి. తడిస్తే పొడి లేవదు. సుత్తితో కొట్టకుండా బోల్టులు విప్పి రేకుని పూర్తిగా దించాలి, పైనుంచి విసిరేయకూడదు. గ్రైండర్ కట్టర్ అస్సలు వద్దు, ఉన్నవాటిలో అన్నింటికన్నా ప్రమాదం అదే. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఈ నార ఆగదు. మామూలు మాస్కులూ చాలవు, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు కావాలి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వద్దు. కింద పడిన పొడిని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కూడా రేకులతోనే పారేయాలి. పనిచేసిన బట్టల్ని అందరి బట్టలతో కలిపి ఉతకొద్దు. ముక్కల్ని పొయ్యి దగ్గర పెట్టొద్దు, మంట తగిలితే పేలతాయి.

మరి ఎక్కడ పడేయాలి? దీనికి సరైన ఏర్పాటు లేకపోవడమే పెద్ద సమస్య. ఫ్యాక్టరీల్లో మిగిలే ఆస్బెస్టాస్ వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తాయి. అలాంటి వ్యర్థాల్ని శాస్త్రీయంగా పూడ్చే కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. కడప నుంచి 600 కిలోమీటర్ల పైమాటే. పది రేకుల కోసం అక్కడిదాకా లారీ మాట్లాడే ఇల్లు ఏదైనా ఉంటుందా? కాబట్టి రేకుల్ని మందపాటి ప్లాస్టిక్ పట్టలో రెండు వరసలుగా చుట్టి, పైన ఆస్బెస్టాస్ అని రాసి, పక్కన పెట్టి మున్సిపాలిటీనో పంచాయతీనో అడగాలి. కర్నూలు, కడపల్లోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాల్లో కూడా అడగొచ్చు. రోడ్డు గుంతలు, చెరువు గట్లు, బడి ఆవరణ.. వీటిని మాత్రం ఈ ముక్కలతో పూడ్చొద్దు. బండ్ల చక్రాల కింద నలిగితే ఆ నార గాల్లోకే వస్తుంది.

ఏళ్లుగా ఈ పని చేసినవాళ్లకి పొడి దగ్గు, నడిస్తే ఆయాసం ఉంటే కర్నూలు పెద్దాసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించుకోవాలి. వెళ్లినప్పుడు 'నేను ఇన్నేళ్లు రేకుల పని చేశాను సార్' అని మీరే చెప్పండి. డాక్టర్ అడిగేదాకా ఆగొద్దు. ఆ మాట చెప్పకపోతే టీబీ అనో, బీడీల దగ్గు అనో మందులు రాసే అవకాశం ఉంది.