మాట వినెడి కండలు, విననొల్లని కండలు

కండ యనగానే దండలను, పిక్కలను తడవి చూచుకొనుట వాడుక. అది మల్లుల సొత్తనియు, స్త్రీలకు దానితో పనిలేదనియు తలచువారు కలరు. సుశ్రుతుడట్లు తలపలేదు. మానవ దేహమున 500 పేశులను లెక్కించి, స్త్రీలకు మఱి యిరువది యధికమని చెప్పెను. నేటి శరీరశాస్త్రజ్ఞుల లెక్క వేఱు. ఎముకల నంటిన కండరములే 600 పైచిలుకని వారందురు. అయినను స్త్రీకి ప్రత్యేకమగు కండ కలదన్న మాట నిలిచియే యున్నది.

కండరములు మూడు విధములు. ఎముకల నంటి, సూక్ష్మదర్శినిలో అడ్డచారలతో కనబడునవి మన యాజ్ఞకు లోబడినవి. బిందె యెత్తుటయు, పిండి పిసుకుటయు, ఈ వ్యాసము వ్రాయుటయు వీని పనియే.

రెండవది హృదయ కండరము. చారలు దీనికిని కలవు గాని దీనియెడ మన యాజ్ఞ చెల్లదు. దినమునకు దాదాపు లక్ష మాఱులు ముడుచుకొను ఈ కండకు తాళము వేయు ముడి గుండె గోడలోనే యున్నదని 1907వ సంవత్సరమున కీత్, ఫ్లాక్ అను నిరువురు కనుగొనిరి. నెత్తురందక చచ్చిన భాగము మరల మొలవదు, మచ్చకట్టును. స్త్రీలకు గుండెపోటు ఒక్కొక్కప్పుడు ఱొమ్మునొప్పిగా గాక ఆయాసముగను, వాంతిగను, వెన్నునొప్పిగను వచ్చును. అజీర్తి యనుకొని వాము నమలుచు కూర్చుండరాదు.

మూడవవి చారలు లేని నునుపు కండరములు. ప్రేగులు, రక్తనాళములు, మూత్రాశయము మున్నగు వాని గోడలలో ఇవి మెల్లగా, అలుపెఱుగక పనిచేయును. గర్భాశయమును ఇట్టిదే. మనవారు దీనిని గర్భసంచి యందురు. ఈ పేరు మాకు నచ్చదు. సంచి జడవస్తువు, వేసినదానిని మోయుటే దాని పని. ఇదియో, ఇంచుమించు 60 గ్రాముల తూనికతో నుండి, నెలలు నిండునాటికి కిలో వఱకు పెరుగు కండ. శిశువును వెలికి పంపుటతో దీని పని తీఱదు. మాయ విడిన చోట నెత్తుటి నాళములు తెఱచుకొని యుండును. పెనవేసికొనియున్న కండపోగులు బిగిసి వానిని నొక్కి మూసివేయవలయును. బిగియక సడలినచో నిమిషములలో బాలింతకు ప్రాణము మీదికి వచ్చును. లోకమున ప్రసవ మరణములకు ముఖ్య కారణములలో ఈ రక్తస్రావ మొకటి.

మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి సారము గర్భాశయమును బిగియించునని 1906లో హెన్రీ డేల్ చూపెను. ఆ సారములోని ఆక్సిటోసినే నేడు బిడ్డ పుట్టిన వెంటనే తల్లికిచ్చు సూదిమందు. దానిని చల్లని పెట్టెలో భద్రపఱుపవలయును గనుక ఇంటి పురుటిలో అది సమయమునకు దొరకుట యరిది. ఆసుపత్రి పురుడే మేలని మేము పట్టుబట్టుట ఇందులకే. బిడ్డ చన్ను కుడుచునపుడును ఇది తల్లి యొంట ఊరును; అప్పుడు పొత్తికడుపున కలుగు నొప్పి ఆ బిగువే. దానికి వెఱచి పాలు మాన్పించుట తగదు.

పురుటినాడు బట్టలు వెంటవెంటనే తడిసిపోవుచున్నను, మైల పోవుట మంచిదే యని ఊరకుండు పెద్దలు మా యెఱుకలో కలరు. అట్టియెడ తక్షణమే నర్సును పిలువవలయును. ఆమె పొత్తికడుపును గట్టిగా రుద్దుట సడలిన కండను బిగియించుటకే. బాలింత మూలిగినదని జాలిపడి ఆమె చేయి పట్టి ఆపరాదు.