ఎరుగని బిడ్డకు చనుబాలు

‘ధాత్రి’ యను సంస్కృత పదమునకు భూమి యనియు, దాది యనియు రెండర్థములు గలవు. కన్నది కాకున్నను చన్నిచ్చి పెంచిన స్త్రీని భూదేవితో నొక్క పేరున బిలిచిన మన పూర్వులు, శరవణమున బుట్టిన కుమారస్వామికి పాలిచ్చిన యార్గురు కృత్తికలను తల్లులుగనే యెంచి, యా బాలుని కార్తికేయు డనిరి. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో వెలసిన తల్లిపాల నిధికి ‘ధాత్రి’ యను పేరే పెట్టుట సముచితముగ నున్నది.

నెలలు నిండక పుట్టి, కిలోన్నర తూకమైన తూగని శిశువు చన్ను గుడువజాలదు. దాని ప్రేగులు మిక్కిలి సుకుమారములు. డబ్బాపాలు పట్టినచో ఆ ప్రేగులు వాచి, కొన్నిచోట్ల కుళ్ళి, ప్రాణముమీదికి వచ్చు వ్యాధి ముప్పు హెచ్చు. చనుబాలు ఆ ముప్పును తగ్గించును. అయితే అట్టి బిడ్డను గన్న తల్లికి, కోతకాన్పు చేతనో, జబ్బు చేతనో, దిగులు చేతనో, తొలినాళ్ళలో పాలు పడకపోవుట గలదు. ఆమెకు పాలు పడువరకు గడువవలసిన ఆ నాలుగు దినములకే పొరుగుతల్లి పాలు కావలసివచ్చుచున్నవి.

ఇచ్చువారెవరు? తన బిడ్డ కడుపార త్రాగిన పిమ్మటను పాలు చేపి, రవిక తడిసి, రొమ్ములు గట్టిపడి, గిన్నెలోనికి పిండి పారబోసికొను బాలింతలు. “మన పిల్లవానికి తక్కువ పడవా అమ్మాయీ?” యని అత్తగారు శంకించుట సహజమే గాని, పాలు గాదెలో కొలిచి పోసిన ధాన్యము గాదు, రొమ్ము ఖాళీ యగుకొలది దేహము మరల తయారు చేయును, నిలువ యుంచినచో తయారీ తగ్గించును.

దాత రక్తమును హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, సిఫిలిస్ వ్యాధులకై పరీక్షింతురు. పొగాకు, మద్యము వాడువారి పాలు స్వీకరింపరు. పలువురి పాలొక్కచో కలుపుటయు గలదు గనుక, కృత్తికల కథ యిచ్చట నిక్కమగుచున్నదని నాకు తోచును. ఆ పాలను 62.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో 30 నిమిషము లుంచి, చప్పున చల్లార్చి, సూక్ష్మజీవులు మిగులలేదని తేల్చుకొని, సున్నకు 20 డిగ్రీలు దిగువ చలిలో దాచుదురు. ఆ వేడికి రోగక్రిములతో పాటు పాలలోని రక్షక గుణములు కొన్నియు నశించును. కావున కన్నతల్లికి పాలు పడునట్లు సాయపడక, నిధి యున్నది గదా యని ఊరకుండు ఆసుపత్రి తన పని సగమే చేసినది.

1909లో వియన్నాలో మొదలైన యీ ఏర్పాటు, ఆసియాలో ప్రప్రథమముగ 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ చేత నెలకొన్నది. చనుబాల విక్రయమునకు మన దేశమున అనుమతి లేదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2024లో స్పష్టము చేసినది. ఇది మేలే. కలవారి బిడ్డకు కూలికి చన్నిచ్చిన దాది యింట ఆమె కన్నబిడ్డ యేమి త్రాగెనో పాతకథలు చెప్పవు. పాలకు వెల కట్టినచో ఆ బిడ్డ మరల పస్తుండును.

అంతటి సన్నబిడ్డకు తొలుత ఒక్క మారునకు పట్టునది ఒకటి రెండు మిల్లీలీటర్లే. సన్నని గొట్టమున జారు ఆ పాలకు ఉగ్గుగిన్నె యడుగైన తడవదు. మధ్యాహ్నము ఒక బాలింత పిండి యిచ్చిన చిన్న సీసాలో నట్టి మారులు ఏ నలుబదియో, ఏబదియో యుండును.