కుష్ఠువ్యాధి: మందుతో స్వస్థత, కళలతో నిరీక్షణ



కుష్ఠువ్యాధి నేడు పూర్తిగా నయమయ్యే వ్యాధి. వ్యాధి తక్కువగా ఉన్నవారికి 6 నెలలు, ఎక్కువగా ఉన్నవారికి 12 నెలలు బహుళ ఔషధ చికిత్స ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందులు ఉచితం. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు వ్యాధి అంటదు.

అయినా కోర్సు ముగించి ఇల్లు చేరిన కొందరికి వేరే పళ్లెం, వేరే గ్లాసు పెడతారు. పెళ్లి పిలుపులు రావు. చివరకు ఆ వ్యక్తి కూడా "నేనింతే" అనుకొని మూల కూర్చుంటాడు. ఈ బాధకు మాత్ర లేదు. ఊరివారి చూపు మారాలి, తనను గురించి తనకున్న తలంపు కూడా మారాలి. ఈ రెండు పనులలో చిత్రకళ, నాటకం ఎంతో సహాయపడతాయి.

భరతపురంలో రంగులు

తమిళనాడులో చెంగల్పట్టు సమీపాన భరతపురం అనే కుష్ఠు కాలనీ ఉంది. 2005లో ఆస్ట్రియా దేశపు చిత్రకారుడు వెర్నర్ డోర్నిక్, సామాజిక సేవకురాలు పద్మా వెంకట్రామన్ కలిసి అక్కడ బిందు ఆర్ట్ స్కూలును ప్రారంభించారు. అందులో చేరినవారిలో చాలామంది వృద్ధులు, అంతకుముందు కుంచె పట్టి ఎరుగరు. వ్యాధి వల్ల దెబ్బతిన్న చేతులతోనే బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. ఆ బొమ్మలను విదేశాలలో కూడా ప్రదర్శించారు. బొమ్మలు అమ్ముడై వారికి ఆదాయం వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, లోకం "రోగులు" అని పిలిచినవారు "చిత్రకారులు" అనిపించుకున్నారు.

చూసేవారే నటులు

బ్రెజిల్ దేశపు నాటకకర్త ఆగస్టో బోల్ (1931-2009) ఒక కొత్త నాటక పద్ధతిని రూపొందించారు. మన దేశంలో 1985లో పశ్చిమ బెంగాల్‌లోని సుందరవనాలలో మొదలైన జన సంస్కృతి సంస్థ ఈ పద్ధతిని పల్లెలకు తీసుకువెళ్లింది.

ఇది ఎలా సాగుతుందో ఒక ఊహా కథతో చూద్దాం. కోడలి చేతిమీద స్పర్శలేని మచ్చ కనబడుతుంది. అత్తగారు ఆమెను వంటింట్లోకి రానివ్వదు. భర్త నోరు విప్పడు. "విడాకులు ఇప్పిస్తాం" అని పెద్దలు బెదిరిస్తారు. ఆమె పుట్టింటి బస్సు ఎక్కుతుంది. నాటిక అక్కడే ఆగిపోతుంది.

తర్వాత దానిని మొదటినుండి ఆడతారు. ఈసారి చూసేవారిలో ఎవరైనా "ఆపండి!" అని లేచి, కోడలి స్థానంలో నిలబడి, తానైతే ఏమి చేసేదో చేసి చూపవచ్చు. ఒకామె అత్తగారిని వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్తుంది. మరొకామె చట్టం గుర్తుచేస్తుంది. 2019లో వచ్చిన సవరణ చట్టం ప్రకారం కుష్ఠువ్యాధి కారణంగా విడాకులు కోరే వీలు లేదు. క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కూడా ఆ కారణాన్ని తొలగించారు. ఉపన్యాసంలో విన్న మాట మరచిపోతాం గాని, పదిమంది ముందు నిలబడి మన నోటితో పలికిన మాట మనలో నిలిచిపోతుంది.

మన బుర్రకథ ఉండగా

మన తెలుగువారికి బుర్రకథ ఉండనే ఉంది. నడుమ కథకుడు, ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. హాస్యం చెప్పే వంత ఊరివారి అనుమానాలే అడుగుతాడు: "ముట్టుకుంటే అంటదా? వంశపారంపర్యం కాదా?" కథకుడు జవాబిస్తాడు: ఇది క్రిమి వల్ల వచ్చే వ్యాధి, వంశపారంపర్యం కాదు, కరచాలనం వల్ల అంటదు. సభలో పైకి అడగడానికి సిగ్గుపడే ప్రశ్నకు నవ్వుతూనే సమాధానం దొరుకుతుంది.

కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి ప్రచురించిన నివేదిక కూడా చెబుతోంది.

మనం చేయగలిగినవి

1. ప్రతి సంఘంలో క్రిస్మస్ నాటిక వేసే యౌవనస్థులు ఉన్నారు. తెరలు, మైకు సిద్ధంగా ఉన్నాయి. జనవరి 30 కుష్ఠువ్యాధి నివారణ దినానికి ఒక చిన్న నాటిక తయారుచేయండి.

2. వ్యాధి నయమైనవారిని కేవలం ప్రేక్షకులుగా కూర్చోబెట్టకండి. ఇష్టమైతే పాత్ర ఇవ్వండి, పాడించండి, తెరమీద బొమ్మ వేయించండి. అనుమతి లేకుండా వారి సొంత కథ చెప్పకండి, వారి రూపాన్ని నవ్వులపాలు చేయకండి.

3. నాటిక ముగిశాక ఆరోగ్య కార్యకర్తచేత పరీక్షలు ఏర్పాటు చేయండి. పాలిపోయిన లేక ఎర్రబారిన, స్పర్శలేని మచ్చ ఉంటే వెంటనే చూపించుకోవాలి. ఆలస్యమైతే నరాలు దెబ్బతింటాయి.

కళ మందుకు బదులు కాదు. మాత్రలు క్రమంగా మింగవలసిందే. అయితే నయమై వచ్చిన అన్నయ్యకో అక్కకో మన మధ్య ఒక కుర్చీ, ఒక పాత్ర, ఒక పాట ఇవ్వడం మన చేతిలో ఉంది. ఈ జనవరిలో మీ వీధిలో అటువంటి ఒకరిని మీరే వెళ్లి పిలవండి.