నోట్లు రాలేదు.. ఖాతాలో కోత పడింది!

ఏటీఎంలో కార్డు పెట్టారు. అంకెలు నొక్కారు. యంత్రం గరగరలాడింది కానీ నోట్లు బయటకు రాలేదు. అంతలోనే ఖాతాలో రూ.5 వేలు తగ్గినట్లు సెల్‌ఫోన్‌కు సందేశం వచ్చింది. ఇలాంటి వేళ ఖాతాదారు గుండె గుభేలుమనడం సహజం. చాలా సందర్భాల్లో జరిగేది కంప్యూటర్ల మధ్య సంభాషణ సగంలో తెగిపోవడమే. ఆ సంభాషణలోని కొన్ని పదాలు తెలిస్తే బ్యాంకులో ఏం అడగాలో తెలుస్తుంది.

ఫారం నింపి ఇచ్చినట్లే..

సంస్థల లెక్కలన్నీ ఒకేచోట చూసే పెద్ద కంప్యూటరు మెయిన్‌ఫ్రేమ్. దానికి అనుసంధానించిన తెర, కీబోర్డు కలిసి టెర్మినల్. ఐబీఎం సంస్థ 1971లో 3270 శ్రేణి టెర్మినళ్లను తెచ్చింది. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాల తెర వీటిలో ప్రామాణికమైంది. మీట నొక్కిన ప్రతిసారీ అక్షరం కేంద్రానికి వెళ్లదు. కౌంటరులో ఫారం నింపి ఇచ్చినట్లు, గడులన్నీ పూరించి 'ఎంటర్' నొక్కాకే వివరాలు కట్టగా వెళ్తాయి. ఈ పద్ధతి పేరు 'బ్లాక్ మోడ్'. కేంద్రం అనుమతించే వరకు కీబోర్డుకు తాళం పడుతుంది. తొందరపడి రెండోసారి నొక్కినా ఫలితం ఉండదు.

అందిందా.. లేదా?

యంత్రాలు మాట్లాడుకునే నియమావళిని 'ప్రొటోకాల్' అంటారు. ఐబీఎం 1974లో ప్రకటించిన ఎస్‌ఎన్‌ఏ అటువంటిదే. అందులో ఇరుపక్షాల మధ్య ఏర్పడే బంధం 'సెషన్'. దాన్ని మొదలుపెట్టే సందేశం 'బైండ్', ముగించేది 'అన్‌బైండ్'. పంపినవారు 'డెఫినిట్ రెస్పాన్స్' కోరితే సందేశం అందినా, పొరపాటు దొర్లినా జవాబు రావాలి. 'ఎక్సెప్షన్ రెస్పాన్స్' అయితే పొరపాటు జరిగినప్పుడే జవాబు వస్తుంది. మౌనంగా ఉంటే అంతా సవ్యమేనని అర్థం.

ఏటీఎం భాష ఇదీ..

కార్డు లావాదేవీల్లో ఐఎస్‌ఓ 8583 ప్రమాణం ప్రసిద్ధం. 1987 నాటి దాని రూపంలో 0200 అంటే సొమ్ము కోరుతూ పంపే అభ్యర్థన. 0210 బ్యాంకు జవాబు. జవాబులో 00 ఉంటే ఆమోదం, 51 ఉంటే తగినంత నిల్వ లేదని అర్థం. ప్రతి అభ్యర్థనకూ ఆరంకెల 'ట్రేస్ నంబరు' ఉంటుంది. బ్యాంకు ఆమోదించి ఖాతాలో తగ్గించాక యంత్రం నోట్లు ఇవ్వలేకపోతే 'రివర్సల్' సందేశం వెళ్లాలి. అప్పుడు తగ్గిన సొమ్ము తిరిగి జమవుతుంది. ఆ సందేశమూ దారిలో ఆగితే రెండువైపులా లెక్కలు సరిచూసి సరిదిద్దాల్సిందే.

అయిదు రోజులు దాటితే పరిహారం

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, లావాదేవీ జరిగిన రోజు కాక అయిదు రోజుల్లోగా సొమ్మును బ్యాంకే తిరిగి జమ చేయాలి. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. ఇందుకు ఖాతాదారు ఫిర్యాదు చేసేవరకు బ్యాంకు ఆగరాదు.

యంత్రం ఎవరిదైనా ఫిర్యాదు చేయాల్సింది కార్డు ఇచ్చిన బ్యాంకులోనే. చీటీ వస్తే భద్రపరచుకోవాలి. రాకుంటే తేదీ, సమయం, ఏటీఎం ఉన్న చోటు రాసుకోవాలి. 'రివర్సల్ వచ్చిందా?' అని సూటిగా అడగాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొమ్ము ఇప్పిస్తామంటూ ఫోన్ చేసేవారికి పిన్, ఓటీపీ చెప్పరాదు. రివర్సల్‌కు వాటి అవసరమే లేదు.