పికప్ తగ్గిందా? ఇంజను విప్పేది చివరిగా!

బాన్సువాడ: యాక్సిలేటరు అడుగంటా తొక్కినా కారు ముందుకు గుంజడం లేదంటే యజమాని గుండెలో రాయి పడుతుంది. ఇంజను పని పడిందేమోనన్న భయం పట్టుకుంటుంది. ఇంజను విప్పితే వేల రూపాయల ఖర్చు. కిరాయి బండిపై బతికే డ్రైవరుకైతే, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ పూట గడవడం కష్టమే. అయితే పికప్ తగ్గిన ప్రతి బండికీ ఇంజను చెడిపోయినట్లు కాదు. చాలాసార్లు జబ్బు చిన్నదే. దానిని వెతికే వరుస తెలియకపోవడమే అసలు నష్టం.

ఇది కేవలం డబ్బుకు సంబంధించిన విషయమూ కాదు. ఎల్లారెడ్డి, రుద్రూర్ దారుల్లో వడ్ల లోడుతో పోయే ట్రాక్టర్లను దాటవలసిన సందర్భాలు తరచు వస్తాయి. ఎప్పటిలా బండి అందుకుంటుందన్న ధీమాతో డ్రైవరు పక్కకు తీస్తాడు. బండి అందుకోదు. ఎదురుగా బస్సు వస్తూ ఉంటుంది. అందుచేత పికప్ తగ్గిన బండితో ఓవర్‌టేక్ మానుకోవడం మొదటి జాగ్రత్త.

దుమ్ము చేసే చేటు

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతాన్ని వరి సీమగా మార్చింది. వానకాలం, యాసంగి కోతలు వచ్చాయంటే వరికోత యంత్రాల దుమ్ము, ఆరబోసిన వడ్ల పొట్టు గాలిలో లేస్తుంటాయి. కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. ఆ గాలిని వడగట్టేది ఎయిర్ ఫిల్టర్. అది పూడుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు, బలం తగ్గుతుంది. కొట్టాల్లో నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు ఫిల్టర్ డబ్బాలోనే గూడు కట్టుకోవడమూ కద్దు.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెల్లడించిన పరీక్షల్లో ఒక ఆసక్తికరమైన సంగతి తేలింది. కంప్యూటరు నియంత్రణలో నడిచే పెట్రోలు కార్లలో ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదు. కాని ఫిల్టర్ మార్చినప్పుడు వేగం అందుకునేందుకు పట్టే సమయం 6 నుంచి 11 శాతం మెరుగుపడింది. కనుక మైలేజీ బాగానే ఉందని ఫిల్టర్‌ను మరిచిపోరాదు. కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు మామూలు రోడ్లకు. దుమ్ము ప్రాంతంలో అంతకు ముందే చూసుకోవాలి. కొందరు ఫిల్టర్ తీసేసి బండి నడుపుతారు. ఇది పెద్ద పొరపాటు. సన్నటి దుమ్ము లోపలికి చేరి సిలిండర్లను, రింగులను అరగదీస్తుంది. అప్పుడు నిజంగానే ఇంజను పని పడుతుంది.

చక్రాలు, క్లచ్

ఇంజను బలంగానే ఉన్నా బండిని వెనక్కి పట్టి ఉంచే లోపాలు కొన్ని ఉన్నాయి. టైర్లలో గాలి చూసుకోవాలి. సమతలంగా ఉన్న చోట గేరు తీసి, హ్యాండ్‌బ్రేక్ వదిలి నెడితే కారు తేలికగా కదలాలి. కదలకపోతే బ్రేకు పట్టేసి ఉండవచ్చు. కొంతదూరం నడిపి ఆపినప్పుడు ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి, మాడు వాసన ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఆ వేడి చక్రాన్ని చేత్తో ముట్టుకోరాదు.

ఇంజను మోత పెరుగుతున్నా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, ముందూ వెనుకా ఎవరూ లేకుండా చూసి, టాప్ గేరులో క్లచ్‌ను మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగిందని గ్రహించవచ్చు. ఈ పరీక్ష ఒకసారి చాలు. పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా మాడిపోతుంది.

ఇంధనం, నిప్పు

నిలిచి ఉన్నప్పుడు ఇంజను చక్కగా ఆడుతూ, ఎత్తు ఎక్కేటప్పుడో వేగం పెంచినప్పుడో నీరసిస్తే ఇంధనం చాలడం లేదేమో చూడాలి. ఫ్యూయల్ ఫిల్టర్ పూడుకోవడం, పంపు బలహీనపడడం ఇందుకు కారణాలు కావచ్చు. డీజిల్ బండిలో ఫిల్టర్ కింద చేరిన నీటిని తీయించాలి. పెట్రోలు కారు కుదుపులతో నడిస్తే స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి. టర్బో ఉన్న డీజిల్ కారు బుసకొట్టినట్లు చప్పుడు చేస్తూ నల్లపొగ వదిలితే గాలి గొట్టం చీలిందేమో చూసుకోవాలి.

అంబాసిడర్ రోజుల్లో మెకానిక్కు చెవితో విని కార్బురేటర్ స్క్రూ తిప్పి సరిచేసేవాడు. నేటి కార్లలో ఆ పని సెన్సార్లు, కంప్యూటరు చేస్తున్నాయి. లోపం కనబడితే ఇంజను దీపం వెలుగుతుంది. కొన్ని కార్లలో ఇంజను దెబ్బతినకుండా కంప్యూటరే బలాన్ని తగ్గిస్తుంది. అప్పుడు స్కానర్ పెట్టించడం మంచిది. అయితే స్కానర్ చూపే కోడ్ లోపం ఏ దిక్కున ఉన్నదో చెబుతుందే తప్ప, ఫలానా సెన్సారు మార్చమని ఆజ్ఞ కాదు. ముందు తీగలు, కనెక్టర్లు, గొట్టాలు చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్న తరువాతనే సైలెన్సర్ దారి మూసుకుపోయిందా, సిలిండర్లలో కంప్రెషన్ తగ్గిందా అన్నది పరీక్షించాలి.

షెడ్డుకు వెళ్లే ముందు యజమాని కొన్ని సంగతులు గమనించి చెబితే సగం పని తేలికవుతుంది. లోపం ఎప్పుడు మొదలైంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? ఉన్నట్టుండి వచ్చిందా, మెల్లమెల్లగానా? మార్చిన పాత సామాను తిరిగి అడిగి చూసుకోవడం కూడా మంచి అలవాటు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లు, పూడిన ఫిల్టర్ కోసం నిక్షేపంలాంటి ఇంజను విప్పించడం తగదు. ముందుగా ఆ డబ్బా మూత తీసి చూడాలి. ఎలుక అక్కడే ఉండవచ్చు!