ఇంగ్లిష్ మాట తికమక పెడితే తెలుగునే అడుగుండ్రి

మాదాపూర్ల తికమక ఆ జాగ పేరు కాడనే మొదలైతది. హైటెక్ సిటీ అంటే ‘హై టెక్నాలజీ’ అనుకొని చాలామంది చివర్ల ‘సీహెచ్’ పెట్టి రాస్తరు. అసలు పేరుల ఉన్నయి ఐదే అక్షరాలు. హెచ్, ఐ, టీ, ఈ, సీ. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అనే పొడుగు పేరును గట్ల పొట్టి చేసిన్రు. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను షురూ చేసిండు. అప్పటి సంది ఇన్నేండ్లయినా చెవికి ఒక్కటే పేరు, రాతల రెండు పేర్లు.

ఈ పేరు తప్పు రాస్తే ఎవ్వరి కొలువు పోదు. క్యాబ్ డ్రైవర్ సక్కగనే దింపుతడు. కానీ గిసొంటి జంట మాటలే మెయిల్ల పడితే, ఆఫర్ లెటర్ల పడితే కథ వేరే ఉంటది. పైంగ కంప్యూటర్ సుత పట్టుకోదు. రెండు మాటలూ నిఘంటువుల ఉన్నయే కాబట్టి చానసార్లు కింద ఎర్ర గీత రాదు. మనమే పట్టుకోవాలె.

తిప్పలు ఎక్కువ ఎవలికంటే తెలుగు మీడియంల సదివి, అమీర్‌పేటల కోర్సు నేర్చుకొని గచ్చిబౌలిల నౌకరి పట్టిన పిల్లలకు. ఒక్క మాట తప్పు పడితే మీటింగ్ల ముసిముసి నవ్వులు. ఆ నవ్వుకు భయపడి ఎన్నో తెలివైన నోళ్లు మూతపడ్తయి. కానీ ఈ తప్పులు తెలివి తక్కువై వచ్చేటియి కావు. తెలుగుల ఒక్క మాటతోని నడిచే కాడ ఇంగ్లిష్‌ల రెండు మాటలుంటయి. కొన్ని జంటలల్ల మన చెవికి అలవాటు లేని చిన్న శబ్దమే తేడా. కారణం ఎరుకైతే మందు సుత మన భాషలనే దొరుకుతది.

దాకానా, లోపలనా?

‘వరకు’ అనే ఒక్క మాటతోని మనం రెండు పనులు నడిపిస్తం. అందుకే ‘టిల్ ఫ్రైడే’, ‘బై ఫ్రైడే’ కలగలిసిపోతయి. క్లయింట్‌కు ‘యాక్సెస్ టిల్ ఫ్రైడే ఉంటది’ అని రాస్తే శుక్రారం తోని బందైతది అని అర్థం. ‘బై ఫ్రైడే వస్తది’ అంటే శుక్రారం లోపల చేతికొస్తది అని. ఒకటి ముగిసే ముచ్చట, ఇంకొకటి అందే ముచ్చట. ‘వరకు’ను పక్కకు పెట్టి మన ఇంటి మాటలతోని చూడుండ్రి. ‘దాకా’ కుదిరితే టిల్, ‘లోపల’ కుదిరితే బై. పల్లెల అవ్వ సుత ‘పొద్దుమూకే దాకా’, ‘పొద్దుమూకే లోపల’ అనే రెండిటిని ఎన్నడూ కలపదు.

అర్హతనా, హక్కునా?

పైసలకు సంబంధించిన జంట ఇది. ఆఫర్ లెటర్ల ‘యూ ఆర్ ఎలిజిబుల్ ఫర్ బోనస్’ అని ఉంటే, బోనస్ వచ్చినట్టే అనుకొని లెక్కలేసుకుంటరు. ఎలిజిబుల్ అంటే అర్హత. లైన్ల నిలబడనిస్తరు, ఇస్తరన్న మాట మాత్రం అండ్ల లేదు. ‘ఎంటైటిల్డ్’ అని ఉంటే అది హక్కు, షరతులు నెరవేరితే ఇయ్యాల్సిందే. తెలుగుల రెండిటికీ ‘అర్హత’ అనే రాసేస్తరు, కిరికిరి అక్కడనే. లెటర్ సదివేటప్పుడు ఆ మాట జాగల ‘హక్కు’ అని పెట్టి చూడుండ్రి. కంపెనీ అట్ల ఒప్పుకున్నదా, లేదా అని అడుగుండ్రి. ‘అప్ టు రెండు లక్షలు’ అంటే సుత ఎక్కువల ఎక్కువ రెండు లక్షలు అని. తక్కువల తక్కువ ఎంతో అండ్ల ఉండదు. సంతకం పెట్టకముందు అడిగితే ఎవ్వలూ నవ్వరు. పెట్టినంక అడిగితే ఫాయిదా ఉండదు.

సంతకం ముచ్చటనే ఇంకొకటి. ‘రిజైన్’ అంటే నౌకరి ఇడిసిపెట్టుడు. అవే అక్షరాల నడుమ చిన్న గీత పెడితే ‘రీ-సైన్’, మళ్ల సంతకం పెట్టుడు. కాంట్రాక్ట్ మళ్ల రాసుకుందామని మెయిల్ పెట్టేటోళ్లు ఆ గీత మరిస్తే, హెచ్ఆర్ వాళ్లు పోతున్నడేమో అనుకుంటరు.

రివర్ట్, డౌట్

మన ఆఫీసులల్ల ‘ప్లీజ్ రివర్ట్’ అంటే జవాబియ్యుమని. కానీ ఆ మాటకు పాత అర్థం ఎనుకటి స్థితికి మళ్లుడు. కోడ్ రాసేటోళ్లకు ఇది ఇంకా డేంజర్. గిట్ అనే టూల్ల ‘రివర్ట్’ పేరుతోని ఒక కమాండే ఉన్నది, చేసిన మార్పును ఎనుకకు తీసేస్తది. డెవలపర్‌కు ఆ ఒక్క ముక్క రాస్తే జవాబియ్యాల్నా, కోడ్ తీసెయ్యాల్నా? ‘రిప్లై’ అని రాస్తే లొల్లే ఉండదు.

‘ఐ హావ్ ఎ డౌట్’ సుత గంతే. సందేహం అంటే మనకు అడగాల్సిన ముచ్చట. అమెరికాల కూసున్నాయనకు మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు ఇనబడొచ్చు. అడిగేది ఉంటే ‘క్వశ్చన్’, నమ్మకం లేకపోతేనే ‘డౌట్’.

చెవి మోసం చేసేటియి

వదులు ప్యాంటును మనం ‘లూజు ప్యాంటు’ అంటం. ఇంగ్లిషోళ్ల నోట్లె అది ‘లూస్’, రాతల రెండు ‘ఓ’లు. పోగొట్టుకునుడే ‘లూజ్’, దానికి ఒక్కటే ‘ఓ’. ఒక ‘ఓ’ పోయింది కాబట్టి పోగొట్టుకున్నట్టు అని యాదుంచుకోండ్రి. ‘డేటా పోతది’ అని రాయబోయి ‘డేటా వదులైతది’ అని రాసుడు తప్పుతది.

సలహా అనే వస్తువు ‘అడ్వైస్’, రాతల ‘సీ’ వస్తది. సలహా ఇచ్చే పని ‘అడ్వైజ్’, రాతల ‘ఎస్’ వస్తది. ‘ప్రభావం పడింది’ల ఉన్న ప్రభావం ‘ఎఫెక్ట్’, ప్రభావం చూపుడు ‘అఫెక్ట్’. చూపేది పని కాబట్టి యాక్షన్‌ల ఉన్న ‘ఏ’ అక్షరం దానిదే. ‘యాక్సెప్ట్’ అంటే ఒప్పుకునుడు, ‘ఎక్సెప్ట్’ అంటే తప్ప. ఎగ్జిట్ లెక్క ‘ఈఎక్స్’ తోని మొదలైతే బయట పెట్టినట్టు. చివరిది తప్ప అన్నీ ఓకే అని క్లయింట్ రాస్తే, చివరిది సుత ఒప్పుకున్నడనుకొని పని నడిపిస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

నవ్వేటోళ్లకు ఒక మాట

ఇంగ్లిష్ సుత ఒక్కటే లేదు. ‘టేబుల్’ అనే క్రియకు లండన్ల చర్చకు పెట్టుడు అని అర్థం, అమెరికాల చర్చ వాయిదా వేసుడు. గట్టి ఇంగ్లిషోళ్లే ఒకరి మాట ఒకరికి ఉల్టా అర్థమైతుంటే, పాలమూరు పిల్ల ఒక అక్షరం తప్పు రాస్తే నవ్వుడెందుకు? ‘ప్రీపోన్’ అని మనోళ్లంటే ఒకప్పుడు నవ్వేటోళ్లు, ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల ఉన్నది.

టీమ్ లీడర్లు చెయ్యాల్సింది సుత ఉన్నది. గడువు రాసేటప్పుడు తారీఖు, టైం రెండూ రాయాలె. అర్థం కాలేదన్న పిల్లలకు అందరి ముంగట కాకుండ పక్కకు పిలిచి చెప్పాలె. 2022-23 నుంచి సర్కారు బడులల్ల సుత ఇంగ్లిష్ మీడియం షురూ అయింది. రేపు ఆ పిల్లలే ఈ కారిడార్ల కొలువులకు వస్తరు. వాళ్లకు ఇంగ్లిష్ నేర్పేటప్పుడు తెలుగును తలుపు బయట నిలబెట్టొద్దు. దాకాకు, లోపలకు తేడా తెలిసిన పిల్లకు టిల్, బై సగం వచ్చినట్టే.