పంచె నాన్నది... గంజి అమ్మది!

మా అన్నయ్య కూతురి పెళ్లి ఇంకా ఇరవై రోజులుందనగా ఇంట్లో గొడవ మొదలైంది. కట్నం గురించి కాదు, కల్యాణమండపం గురించీ కాదు. పెళ్లిపందిట్లో నాన్నగారు పంచె కట్టుకోవాలా, పైజామాతో కూర్చోవచ్చా అని!

"ఎనభై దాటిన మనిషి. పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. పైజామా వేస్తే కొంపలేం మునగవు" అన్నాడు అన్నయ్య.

"ఇంటికి పెద్దాయన పంచె లేకుండా అక్షింతలు వేస్తాడట్రా? వియ్యాలవారు ఏమనుకుంటారు?" అంది మా పిన్ని.

వదిన ఏమీ అనలేదు. చీరల లెక్కలు, సారె లెక్కలతో ఆవిడ తల ఆవిడకే తిరిగిపోతోంది. అమ్మ కూడా ఏమీ అనలేదు. అసలు మాట్లాడాల్సింది అమ్మే అని మాలో ఎవరికీ తట్టలేదు.

పెళ్లి పనులకని నేను విజయవాడ నుంచి ముందుగానే తెనాలి వెళ్లాను. పండక్కి వచ్చి రెండో రోజే తిరిగి వెళ్లిపోయే ఆడపడుచుకి కనిపించనివి కొన్ని ఉంటాయి. నాలుగు వారాలుంటే కనిపిస్తాయి. పొద్దున్నే ఆరున్నరకి అమ్మ నాన్నగారి ముందు నేలమీద మోకాళ్లు ఆన్చి కూర్చుంటుంది. ఆవిడకి డెబ్బై ఆరు. మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నాన్నగారు ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని నిలబడతారు. అమ్మ పంచె నడుముకి చుట్టి ముడివేసి, కుచ్చిళ్లు పోసి దోపి, రెండో కొసని కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసి గోచీ పెడుతుంది. నాన్నగారు కాస్త తూలితే కుచ్చిళ్లు జారిపోతాయి. మళ్లీ మొదటికి! ఇరవై నిమిషాలు పడుతుంది. బాత్రూముకి వెళ్లొస్తే ఇంకో ఇరవై. ఆ తర్వాత అమ్మ లేచి నిలబడటానికి మంచం, గోడ, నా భుజం, మూడూ కావాలి.

పెళ్లి పిలుపులకీ పలకరింపులకీ వచ్చే చుట్టాలు గుమ్మంలోనే అంటారు, "మేష్టారిని చూడండి, ఈ వయసులోనూ మడత నలగని పంచె!" అని. నాన్నగారి మొహం వెలిగిపోతుంది. అమ్మ కాఫీ కలపడానికి లోపలికి వెళ్తుంది.

కట్టడం ఒక్కటేనా? ఉతకడం మాటేమిటి? అడ్డకట్టుకైతే నాలుగు మూరల పంచె సరిపోతుంది. గోచీ పెట్టి కట్టాలంటే తొమ్మిది, పది మూరలు కావాలి. అంత తెల్లబట్టని నానబెట్టి, ఉతికి, రెండు చుక్కల నీలిమందు వేసి జాడించి, గంజి పెట్టి, చెరో కొసా పట్టుకుని లాగి ఆరేయాలి. నా చిన్నప్పుడు ఆ రెండో కొస నాదే. నేను పెళ్లి చేసుకుని వచ్చేశాక దండేనికి కట్టి తనే లాగేదిట. ఇంకో సంగతి... కుక్కర్లు వచ్చాక అన్నం వార్చడం పోయింది, గంజీ పోయింది. మనందరికీ అదొక సుఖం. అమ్మకి మాత్రం పని పెరిగింది. పంచెల కోసమని ప్రత్యేకంగా సగ్గుబియ్యం ఉడికించి, వడగట్టి గంజి తయారు చేస్తుంది!

ఒక సాయంత్రం ధైర్యం చేసి నాన్నగారిని అడిగాను. "పోనీ, ఇంట్లో ఉన్నప్పుడు పైజామా వేసుకోండి నాన్నా. వ్యాయామం చేయించే అబ్బాయి కూడా కాళ్లకి అడ్డంపడే బట్ట వద్దంటున్నాడుగా."

"నన్ను రోగిని చెయ్యాలని చూస్తున్నారా అందరూ?" అన్నారు. కోపంగా కాదు. అందుకే నాకు మరీ బాధేసింది.

ఆయన బడిపంతులుగా చేరింది 1964లో. అప్పటికి ఉన్నవి రెండే పంచెలు. రాత్రి ఉతికి పొద్దున కట్టుకుని, మూడు మైళ్లు నడిచి బడికి వెళ్లేవారు. "జీతం సంగతి ఊళ్లో ఎవరికీ తెలీదమ్మా. పంచె చూసి లేచి నిలబడేవారు" అన్నారు. లుంగీతో వీధి అరుగు మీదికి వచ్చిన రోజు నేను చూడలేదు. కోడలి ముందుకి పైన కండువా లేకుండా రారు. ఆయనకది ఆచారం అనిపించదు. ఒళ్లు అనిపిస్తుంది. చెయ్యి పోయింది, మాట తడబడుతోంది. ఇక మిగిలింది ఆ పంచె ఒక్కటే. దాన్నీ మనం లాగేసుకుంటే?

అలాగని పంచె అంటే అందరికీ గౌరవమేనా అంటే, కాదని నాకు చిన్నప్పుడే తెలుసు. నాన్నగారితోపాటు పనిచేసిన మేష్టారొకరు ఎప్పుడూ పాంటూ, టక్ చేసిన చొక్కాతోనే ఉండేవారు. మే నెల ఎండలో కూడా! "ఉక్కపోయదుటయ్యా? హాయిగా పంచె కట్టుకోరాదూ" అన్నారు నాన్నగారు ఒకసారి మా ఇంట్లోనే. ఆయన నవ్వి, "మీకు పాదాల దాకా పంచె సంప్రదాయం మేష్టారూ. మా నాన్నకి మోకాలి దాకానే సంప్రదాయం. ఊళ్లోకి వస్తే భుజంమీద కండువా నడుముకి కట్టుకోవడం, చెప్పులు చేత్తో పట్టుకోవడం సంప్రదాయం. అందుకే నేను పాంటు దిగను" అన్నారు. నాన్నగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీగారు నిండుబట్టలు వదిలేసి కొల్లాయి కట్టారు, పేదవాడికి లేని బట్ట నాకెందుకని. అంబేద్కర్‌గారు సూటు వేసుకున్నారు. మన ఊళ్ల సెంటర్లలో విగ్రహాలు చూడండి, ఆ నీలం సూటు లేకుండా ఉంటాయా? ఒకాయన బట్ట తగ్గించుకుంటే గొప్ప, ఇంకొకాయన నిండుగా వేసుకుంటే గొప్ప. ఏ గడప అవతల నిలబెట్టారన్నదాన్నిబట్టి ఉంటుంది కదా అదంతా!

గుళ్ల సంగతీ ఇంతే. తిరుమలలో కల్యాణోత్సవం టిక్కెట్టు తీసుకుంటే మగవాళ్లు పంచె, ఉత్తరీయమో, కుర్తా పైజామానో వేసుకోవాలి. మావారు పంచె పక్షం. కాకపోతే లోపల పాంటు విప్పరు! పాంటు మీద పంచె చుట్టి, దానిమీద బెల్టు బిగించి, ఆ పైన నా పిన్నీసులు నాలుగు. లైన్లో చూస్తే సగంమంది మగవాళ్లది అదే అవతారం. నాకు నవ్వొచ్చినా, అందులో తప్పేమీ కనిపించలేదు. స్వామి ముందు ఒక గంట మనింటి బట్ట కట్టుకోమంటున్నారు, అందరికీ ఒకటే మాట.

తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలో మాత్రం చొక్కా, బనీను కూడా విప్పాలి. మావారు పొట్ట లోపలికి పీల్చుకుని దర్శనం చేసుకున్నారు. ఆ రోజు సరదాగానే గడిచింది. తర్వాత పేపర్లో చదివాను. 2024 డిసెంబరు 31న కేరళలోని శివగిరి మఠం అధిపతి స్వామి సచ్చిదానంద ఈ చొక్కా విప్పే ఆచారం ఆపేయాలన్నారు. జంధ్యం ఉందో లేదో చూడటానికి పుట్టిన ఆచారమిదని ఆయన మాట. నారాయణగురు స్థాపించిన మఠం అది. అదే సభలో ముఖ్యమంత్రి పినరయి విజయన్ ఆయన్ని సమర్థించారు. నాయర్ సర్వీస్ సొసైటీవారు, ఒక్కో గుడికి ఒక్కో పద్ధతి ఉంటుంది, మీకెందుకన్నారు. ఆ తిరువాన్కూరు రాజ్యంలోనే కదా, నాడార్ ఆడవాళ్లు పైట కప్పుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడి 1859లో సాధించుకున్నది!

తమిళులకి ఇంకో రకం అనుభవం. 2014 జులైలో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బులో పుస్తకావిష్కరణకి వెళ్లిన హైకోర్టు న్యాయమూర్తిని వేష్టి కట్టుకున్నారని గుమ్మంలోనే ఆపేశారు. తెల్లదొరల కాలంనాటి రూలు. ఆ ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది. వేష్టి కట్టుకున్నవాణ్ణి రానివ్వకపోతే ఏడాది దాకా జైలు, ఇరవై అయిదు వేల దాకా జరిమానా. చదివి నాకు భలే సంతోషమేసింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన. మన మగవాళ్లు ఎప్పుడో, ఏ చర్చా లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా పంచె వదిలి పాంటులోకి మారిపోయారు. సంప్రదాయం మంటగలిసిందని ఎవరూ ఏడవలేదు. మనం చీర నుంచి చుడీదార్‌కి మారడానికి ఎన్ని పంచాయితీలు! నేను స్కూల్లో టీచరుగా చేరిన కొత్తలో చుడీదార్ వేసుకొచ్చానని స్టాఫ్ మీటింగు పెట్టారు. ఆ మీటింగులో ఉన్న మగవాళ్లంతా పాంట్లలోనే ఉన్నారు.

సరే, మా ఇంటి గొడవకి వస్తాను.

వీధి చివర టైలరు చేత ఒక పంచెకి నడుంపట్టీ, దానికి కుచ్చిళ్లు, వెనక గోచీ, పక్కన వెల్‌క్రో కుట్టించి తెచ్చాను. చిన్నపిల్లలకీ పెళ్లికొడుకులకీ ఇలాంటివి బజార్లో రెడీమేడ్‌గా కూడా దొరుకుతున్నాయి. పాంటులా ఎక్కించుకోవడమే. నాన్నగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది పంచె కాదమ్మా, పంచె వేషం" అని పక్కన పెట్టేశారు.

మర్నాడు పొద్దున అమ్మ యథాప్రకారం పంచె తీసుకుని వచ్చింది. కానీ కింద కూర్చోలేదు. మంచం మీద కూర్చుంది. "నా వల్ల కావట్లేదండీ" అంది.

అంతే. ఒక్క ముక్క. నా యాభై రెండేళ్లలో ఆ మాట ఆవిడ నోట వినలేదు. నాన్నగారు చాలాసేపు అలాగే నిలబడ్డారు. "ఎన్నాళ్లనుంచి?" అన్నారు చివరికి. "రెండేళ్లవుతుంది" అంది. ఆ రోజంతా ఆయన పైజామాతోనే గదిలో కూర్చున్నారు. ఎవరొచ్చినా బయటికి రాలేదు. వాదనలో నేను గెలిచినట్టే లెక్క. కానీ ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

రెండో రోజు ఆయనే వెల్‌క్రో పంచె తెమ్మన్నారు. "పెళ్లి రోజుకి మాత్రం అసలుదే కడతాను. ఎవరు కడతారో మీరే తేల్చుకోండి. మీ అమ్మ మాత్రం వద్దు."

హైదరాబాదు నుంచి వచ్చిన మా అబ్బాయి ముందుకొచ్చాడు. సెల్‌ఫోన్లో వీడియోలు చూసి పంచె కట్టడం నేర్చుకుంటున్నాడట. పాపం, వీడియోలో కట్టుకునేవాడి చేతులు కనిపిస్తాయి కానీ, ఎదురుగా కూర్చుని ఇంకొకరికి కట్టడం వేరు! పెళ్లి రోజు నలభై నిమిషాలు పట్టింది. నాన్నగారు ఎడమచేత్తో చూపిస్తూ పాఠం చెప్పారు. "కుచ్చి వెడల్పు నాలుగు వేళ్లుండాలి... అది కాదురా, అడుగు సమంగా రావాలి." తడబడే మాట ఆ పాఠంలో మాత్రం స్పష్టంగానే ఉంది. అన్నయ్య పక్కన నిలబడి చూశాడు. చూడమని వదిన నిలబెట్టింది.

ఇప్పుడు మామూలు రోజుల్లో వెల్‌క్రో. పండగలకి అన్నయ్య కడతాడు. పంచె కాస్త వంకరగా ఉంటోందని నాన్నగారి ఫిర్యాదు. ఉతకడం కూడా అన్నయ్యకే అప్పగించింది వదిన. మొదటివారమే పంచెల్ని ఎర్ర తువ్వాలుతో కలిపి మెషిన్లో పడేశాడు మహానుభావుడు. పంచెలన్నీ గులాబీరంగు తేలాయి! అమ్మ దండెం దగ్గర తల పట్టుకుంటే, నాన్నగారు కిటికీలోంచి చూసి మెల్లగా అన్నారట, "వాణ్ణి ఏమీ అనకు. అంటే మానేస్తాడు" అని.